సుడిదోమ వచ్చిందని కబురొస్తే…



ఈవేళ వంటలూ, పిల్లల పెంపకమూ కాకుండా ఒక పురుగు గురించి చెబుతానంటే నవ్వుతారేమో. బియ్యం డబ్బాలో పురుగు కాదు, చేలో పురుగు. బెజవాడలో కాపురాలు చేసుకుంటున్న మనకు చేలో పురుగుతో ఏం పని అంటారా? మనలో చాలామందికి గుడివాడ వైపో, పామర్రు వైపో, అవనిగడ్డ వైపో ఎకరమో రెండెకరాలో ఉంటుంది. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిందో, అత్తగారి తరఫున వచ్చిందో. మరిదిగారో, కౌలుదారో దాన్ని చేస్తూంటారు. సార్వా పైరు పొట్టకొచ్చే వేళకి ఊళ్ళోంచి కబురొస్తుంది, "సుడిదోమ పడింది, మందు కొట్టాలి, డబ్బు పంపండి" అని. పంపిస్తాం. పదిహేను రోజులు తిరక్కుండా మళ్ళీ అదే కబురు. ఆ డబ్బు పిల్లల ఫీజులోంచో, పండగ ఖర్చులోంచో తియ్యవలసింది మనమే కదా! అందుకని ఈ పురుగు సంగతి మనకి తెలిసి ఉండటం మంచిది.

సుడిదోమ అంటే మనల్ని కుట్టే దోమ కాదు. గోధుమరంగులో ఉండే చిన్న పురుగు. ఇది ఆకుల పైన కనబడదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైగా, నీడపట్టున గుంపులుగా చేరి, సూదిలాంటి నోటితో మొక్క రసాన్ని పీలుస్తుంది. రసం పోయిన మొక్క పసుపెక్కి, ఎండుగడ్డిలా అయిపోతుంది. చేను మధ్యలో గుండ్రంగా సుడులు చుట్టినట్టు ఎండిపోతుంది గనుకనే దీనికి ఆ పేరు వచ్చింది. ఒక్కొక్క ఆడపురుగు రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు మొక్క మీద పైపైన ఉండవు. ఆకు తొడిమను చీల్చి లోపల దాస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

ఈ పురుగులో ఇంకో విచిత్రం ఉంది. ఒక తల్లి పిల్లల్లోనే కొన్నిటికి పొడుగు రెక్కలూ, కొన్నిటికి పొట్టి రెక్కలూ వస్తాయి. పొట్టి రెక్కలవి ఎగరలేవు. ఉన్నచోటే ఉండి సంతానాన్ని పెంచుతాయి. పొడుగు రెక్కలవి గాలివాటాన ఎంతో దూరం పోతాయి. చైనా నుంచి సముద్రం మీదుగా జపాను దాకా పోతాయంటే నమ్ముతారా? ఏ పిల్లకి ఏ రెక్కలు రావాలో తేల్చేది ఏమిటని శాస్త్రజ్ఞులు చాలాకాలం తలలు బద్దలు కొట్టుకున్నారు. 2015లో చైనా పరిశోధకులు ఆ గుట్టు విప్పారు. మన ఇళ్ళల్లో షుగరు జబ్బు పుణ్యమా అని అందరికీ తెలిసిన ఇన్సులిన్ లేదూ, అలాంటి పదార్థమే ఈ పురుగు ఒంట్లోనూ ఉంది. దాని కబురు అందుకునే ద్వారాలు రెండున్నాయి. ఒకటి పనిచేస్తే రెక్కలు పొడుగ్గా పెరుగుతాయి, రెండోది దానికి అడ్డం పడి పొట్టిగా ఉంచుతుంది. 2018లో వచ్చిన మరో పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. వరి ముదిరేకొద్దీ దాని రసంలో గ్లూకోజు పెరుగుతుందిట. ఆ రసం తాగిన పిల్లలకు పొడుగు రెక్కలు ఎక్కువగా వస్తాయిట. అంటే ఈ ఇంట్లో తిండి అయిపోవస్తోంది, ఇక వేరే ఊరు చూసుకోవాలి అని మొక్కే దానికి చెబుతోందన్నమాట!

మరి ఇది ఇంత పెద్ద శత్రువు ఎప్పుడయింది? పూర్వం కూడా ఉండేది, కానీ పెద్దగా లెక్కలోకి వచ్చేది కాదు. పొట్టిరకాల వరి వచ్చాక, ఒత్తుగా నాట్లు వేసి, యూరియా దండిగా చల్లి, సార్వా వెంట దాళ్వా వేయడం మొదలయ్యాక దీనికి పండగయింది. 1973-74లో కేరళలో విరుచుకుపడింది. తర్వాత మన డెల్టాలోనూ తరచుగా కనబడుతూ వచ్చింది. యూరియా ఎక్కువైన చేను నవనవలాడుతూ ముదురాకుపచ్చగా ఉంటుంది. మనకెంత ముచ్చటో, దోమకి అంతకంటే ముచ్చట.

అసలు చిక్కు మందుల దగ్గర వచ్చింది. మందు కొట్టని చేలో కంటే, పదేపదే కొట్టిన చేలోనే దోమ ఎక్కువవుతోందని ఫిలిప్పీన్స్‌లో పరిశోధకులు గమనించి, 1984లో ఆ వివరాలు ప్రచురించారు. ఇదేమి చోద్యం అంటారా? చోద్యమేమీ లేదు. చేలో దోమ ఒక్కతే లేదు. దాన్ని తిని బతికేవీ ఉన్నాయి. నేల మీదా, నీటి మీదా పరుగెత్తే సాలీడు రోజుకి అయిదు నుంచి పదిహేను పురుగుల దాకా తింటుంది. మిరిడ్ నల్లి అనే ఆకుపచ్చని చిన్న పురుగు ఆకు తొడిమలో దాచిన గుడ్లని వెతికి మరీ పీల్చేస్తుంది. అక్షింతల పురుగులున్నాయి, తూనీగలున్నాయి. మందు కొట్టినప్పుడు పైన తిరిగే ఈ సాలీళ్ళూ, నల్లులూ చస్తాయి. తొడిమలో భద్రంగా ఉన్న గుడ్లు చావవు. వారం పది రోజుల్లో అవి పిల్లలయ్యేసరికి చేలో అడిగేవాడుండడు. పిల్లిని తరిమేసి ఎలకల్ని బెదిరించినట్టు కాదూ ఇది?

ఈ సంగతి గ్రహించి ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల మందులు కొట్టకూడదని నిషేధించింది. 1989కల్లా మందుల మీద ఇచ్చే సబ్సిడీ కూడా ఎత్తేసింది. పంట పోతుందని భయపడ్డవాళ్ళున్నారు. పోలేదు సరిగదా, మందుల వాడకం బాగా తగ్గింది.

మన దగ్గరా దారులు లేకపోలేదు. పశ్చిమ గోదావరిలోని మార్టేరులో 1925 నుంచి వరి పరిశోధన జరుగుతోంది. దోమను తట్టుకునే చైతన్య, కృష్ణవేణి, విజేత వంటి రకాలు అక్కడ పుట్టినవే. మనం ఇష్టంగా తినే సాంబమసూరి, 1986లో బాపట్ల నుంచి వచ్చింది. అన్నం రుచే గానీ దోమకి తట్టుకోలేదు. కనుక ఆ రకం వేసినచోట ఇంకాస్త జాగ్రత్త కావాలి. నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకీ ఒక జానెడు కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ మొదళ్ళకి తగులుతాయి. దోమ కనబడగానే నీరు తీసేసి చేను ఆరబెడితే దాని నీడపట్టు చెదురుతుంది. థాయిలాండ్, చైనా, వియత్నాంలలో నాలుగేళ్ళపాటు గట్ల మీద నువ్వుల వంటి పూలమొక్కలు పెంచి చూశారు. 2016లో ఫలితాలు వచ్చాయి. పూలలో తేనె తాగడానికి చిన్న చిన్న కందిరీగలు చేరి, దోమ గుడ్లలో తమ గుడ్లు పెట్టి వాటిని నాశనం చేశాయి. మందులు కొట్టడం నూటికి డెబ్భై వంతులు తగ్గింది, దిగుబడి అయిదు వంతులు పెరిగింది. గట్ల మీద కందులూ, నువ్వులూ వెయ్యడం మన పెద్దలకి తెలియని విద్యా?

అలాగని మందు అసలు వద్దనడం లేదు. ఈసారి కబురొచ్చినప్పుడు డబ్బు పంపేముందు నిదానంగా నాలుగు మాటలు అడగండి. దుబ్బు మొదట్లో చూశారా, పైన చూసి చెబుతున్నారా? దుబ్బుకి ఎన్ని దోమలున్నాయి? పిలకల దశ దాటాక ఇరవై, ఇరవయ్యయిదు ఉంటేనే మందు అవసరం. సాలీళ్ళున్నాయా? నీరు తీసి చూశారా? తీరా కొట్టవలసివస్తే వ్యవసాయశాఖ వారిని అడిగి, వారు చెప్పిన మందే, మొదళ్ళు తడిసేలా కొట్టించమనండి. పైరిత్రాయిడ్ మందులు కొడితే దోమ తగ్గకపోగా పెరుగుతుంది. కొట్టువాడు ఇచ్చిందల్లా కలిపి కొట్టకూడదు.

ఇంకొక్క మాట. ఆ మందు కొట్టే మనిషి కూడా ఒకరి భర్త, ఒకరి కొడుకు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, గాలికి ఎదురుగా నిలబడకుండా కొట్టమనండి. ఆ బట్టల్ని పిల్లల బట్టల్లో కలిపి ఉతకవద్దని ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పండి. ఖాళీ సీసాలూ, డబ్బాలూ ఎంత కడిగినా నీళ్ళకీ, నూనెకీ పనికిరావు. పారెయ్యవలసిందే, అదీ కాలవలో కాదు. ఆ కాలవ నీళ్ళే దిగువ ఊళ్ళవాళ్ళు తాగాలి.

నాలుగు ప్రశ్నలు అడగడానికి ఖర్చేమీ లేదు. ఒక్క తడవ మందు తప్పినా మీ డబ్బూ మిగులుతుంది, చేలో సాలీడూ మిగులుతుంది. సెలవు.