అద్దం వెనుక విద్యుత్తే కీలకం
పాత మానిటర్‌తో ఇంట్లోనే స్మార్ట్ అద్దం.. తయారీ సులువే.. జాగ్రత్తలు తప్పనిసరి

తల దువ్వుకునేందుకు అద్దం ముందు నిలబడగానే ఆనాటి తేదీ, సమయం, వాన సూచన, ముఖ్య వార్తలు అందులోనే కనిపిస్తే ఎంతో సౌకర్యం. ‘స్మార్ట్ అద్దం’గా పిలిచే ఈ పరికరాన్ని వేలు పోసి కొనాల్సిన అవసరం లేదు. మూలనపడిన మానిటర్, అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డు, వడ్రంగి చేసిచ్చిన చట్రం ఉంటే ఇంట్లోనే రూపొందించుకోవచ్చు. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుకూ ఇది అనువైనదే. అయితే అద్దం అమరికపై చూపినంత శ్రద్ధ దాని వెనుక ఉండే విద్యుత్తు సరఫరాపై చూపకపోతే పరికరం తరచూ మొరాయిస్తుంది. ఒక్కోసారి ప్రాణాపాయమూ పొంచి ఉంటుంది.

ఆలోచన ఇలా మొదలు..

నెదర్లాండ్స్‌కు చెందిన మైఖేల్ టేవ్ న్యూయార్క్‌లోని ఒక దుకాణంలో అద్దం వెనుక నుంచి వెలిగే అక్షరాలను చూశారు. అదే స్ఫూర్తితో 2014లో సొంతంగా ఒక అద్దాన్ని నిర్మించి, తయారీ విధానాన్ని అందరికీ తెలియజేశారు. ఆయన రూపొందించిన ‘మ్యాజిక్ మిర్రర్’ సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది. 2012లో బ్రిటన్‌లో విడుదలైన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు దీనికి ఆధారం. గడియారం, క్యాలెండర్, వాతావరణం, వార్తల శీర్షికలు.. ఇలా కావలసిన వాటినే ఎంచుకుని తెరపై అమర్చుకోవచ్చు.

నల్లని తెర.. తెల్లని అక్షరాలు

కార్యాలయాల కిటికీలకు ఉండే సన్ ఫిల్మ్ అద్దాలను గమనిస్తే దీని సూత్రం తెలిసిపోతుంది. పగటివేళ బయట నిలబడిన వారికి తమ ముఖమే కనిపిస్తుంది. రాత్రి లోపల దీపం వేస్తే లోపలివారు కనిపిస్తారు. స్మార్ట్ అద్దానికి వాడే గాజు కూడా ఇటువంటిదే. పలుచని లోహపు పూత వల్ల పడిన వెలుతురులో అధిక భాగాన్ని తిప్పి పంపి, కొంత భాగాన్ని మాత్రమే లోనికి పోనిస్తుంది. వెనుక ఉన్న తెర నల్లగా ఉన్నచోట అద్దం అద్దంలాగే ఉంటుంది. తెల్లని అక్షరాలు ఉన్నచోట వెలుతురు బయటకు వచ్చి అవి గాలిలో తేలుతున్నట్లు కనిపిస్తాయి.

పూత ఉన్న గాజు దొరకని పక్షంలో మామూలు గాజుకు ప్రతిబింబించే ఫిల్మ్‌ను అతికించవచ్చు. అక్రిలిక్ రేకు తేలికే అయినా పలుచనిదైతే వంగిపోయి ముఖం సాగినట్లు చూపిస్తుంది. తెర లేనిచోట గాజు వెనుక నల్లని కాగితం అంటించి, పక్కల నుంచి వెలుతురు చొరబడకుండా చూడాలి.

సన్నని తీగతో చిక్కు

ఈ విలేకరి ఇంట్లో అమర్చుకున్న అద్దం తొలి వారం రోజులూ ఇబ్బంది పెట్టింది. ఉన్నట్టుండి తెర నల్లబడేది. మళ్లీ దానంతటదే మొదలయ్యేది. సాఫ్ట్‌వేర్ లోపమని భావించి రెండుసార్లు మొదటి నుంచి ఎక్కించినా ఫలితం లేకపోయింది. చివరకు తెర మూలన అప్పుడప్పుడు మెరుస్తున్న చిన్న మెరుపు గుర్తు అసలు సంగతి చెప్పింది. బోర్డుకు అందుతున్న వోల్టేజీ తగ్గిపోతోందన్న హెచ్చరిక అది. పాత సెల్‌ఫోన్ ఛార్జరు, దాని సన్నని తీగే అందుకు కారణం.

లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. మీటరు పొడవున్న సన్నని తీగలో రానుపోను కలిపి సుమారు 0.4 ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. బోర్డు 2 ఆంపియర్లు తీసుకున్న క్షణంలో ఆ తీగలోనే 0.8 వోల్టులు పోతాయి. ఛార్జరు వద్ద 5.1 వోల్టులు ఉన్నా బోర్డుకు చేరేది 4.3 మాత్రమే. సుమారు 4.63 వోల్టుల కంటే తగ్గితేనే బోర్డు హెచ్చరిక చూపుతుంది. రాస్ప్‌బెర్రీ పై 3 నమూనాకు 2.5 ఆంపియర్లు, 4వ నమూనాకు 3 ఆంపియర్లు ఇవ్వగల 5.1 వోల్టుల అడాప్టర్ అవసరం. తీగ పొట్టిగా, మందంగా ఉండాలి. మానిటర్‌కు లేదా టీవీకి ఉండే యూఎస్‌బీ రంధ్రం నుంచి బోర్డును నడపడం సరికాదు. పాత రకం యూఎస్‌బీ ఇచ్చేది అర ఆంపియరు మాత్రమే.

మానిటర్ విప్పితే ప్రమాదం

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల విద్యుత్తు. మానిటర్‌లోని సరఫరా భాగంలో అది ఏకముఖ విద్యుత్తుగా మారేటప్పుడు 320 వోల్టులు దాటుతుంది. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కొంతసేపు కెపాసిటర్లలో ఆ విద్యుత్తు నిల్వ ఉంటుంది. పాత మానిటర్లలో తెర వెనుక ట్యూబులను వెలిగించే ఇన్వర్టర్ భాగం వందల వోల్టులను పుట్టిస్తుంది. ఆ ట్యూబుల్లో పాదరసం కూడా ఉంటుంది. కావున బయటి ప్లాస్టిక్ చట్రం వరకే తొలగించి, లోపలి లోహపు పెట్టెను కదపకుండా ఉంచడం శ్రేయస్కరం.

12 వోల్టుల అడాప్టర్ బయట ఉండే ఎల్‌ఈడీ మానిటర్ దొరికితే మరీ మంచిది. అడాప్టర్‌ను గోడ వద్దే ఉంచితే 230 వోల్టులు అద్దం వెనుకకు రానేరావు. పాత ల్యాప్‌టాప్ తెరనూ వాడవచ్చు గానీ, దాని మోడల్ నంబరుకు సరిపోయే కంట్రోలర్ బోర్డు వేరుగా కొనాల్సి ఉంటుంది.

కరెంటు పోతే..

పల్లెల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మెమొరీ కార్డుపై సమాచారం రాస్తున్న సమయంలో సరఫరా ఆగితే కార్డు పాడై అద్దం తిరిగి మొదలుకాదు. కార్డుపై మార్పులు రాయకుండా నడిచేలా బోర్డు సెట్టింగుల్లోనే వీలుంది. అన్నీ అమర్చిన తరువాత దానిని ఎంచుకోవాలి. కార్డుకు ఒక నకలు తీసి దాచుకుంటే మరీ నిశ్చింత.

బిల్లు తగ్గించుకోవచ్చు

మానిటర్ 25 వాట్లు, బోర్డు 5 వాట్లు వాడతాయనుకుంటే రేయింబవళ్లు వెలిగే అద్దానికి నెలకు 21.6 యూనిట్లు ఖర్చవుతాయి. మనిషి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్‌ను జోడించి, ఎదురుగా ఎవరైనా ఉన్నప్పుడే తెర వెలిగేలా చేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. రోజుకు 3 గంటలు మాత్రమే తెర వెలిగితే నెలకు 6 యూనిట్ల లోపే. అయితే శరీరం నుంచి వెలువడే వేడి కిరణాలు గాజు గుండా రావు. అందువల్ల సెన్సర్‌ను అద్దం వెనుక దాచకుండా చట్రానికి రంధ్రం చేసి బయటకు కనిపించేలా బిగించాలి.

ఇవి మరవొద్దు

* చట్రానికి పైన, కింద గాలి రంధ్రాలు ఉంచాలి. వేడి బయటకు పోకపోతే తెర, బోర్డు త్వరగా దెబ్బతింటాయి.
* మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్తింగ్ ఉన్న సాకెట్‌నే వాడాలి. బీఐఎస్ నమోదు సంఖ్య ఉన్న అడాప్టర్లనే కొనాలి.
* తీగలను మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయరాదు. అతుకులన్నీ మూత ఉన్న పెట్టెలో ఉండాలి.
* స్నానాల గదిలో, వాష్‌బేసిన్ పక్కన అమర్చరాదు. తేమ చట్రంలోకి చేరితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది.
* గాజు, మానిటర్, చట్రం కలిపితే బరువు ఎక్కువే. ఒక్క మేకుకు వేలాడదీయకుండా గోడకు ఫాస్టెనర్లతో బిగించాలి.
* 230 వోల్టుల పని తెలియని వారు ఆ భాగాన్ని అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్‌కు అప్పగించాలి. పిల్లలు ప్రాజెక్టుగా చేస్తున్నప్పుడు పెద్దలు దగ్గరుండి చూసుకోవాలి.

గోడకు ఎక్కించే ముందు అద్దాన్ని బల్లపై ఉంచి ఒక రోజంతా నడిపి చూడాలి. మెరుపు గుర్తు కనిపించకుండా, అడాప్టర్ చేతికి కాలకుండా ఉంటే సరఫరా సవ్యంగా ఉన్నట్లే. ఆ తరువాతే వెనుక పలక బిగించాలి.