చెర్రీ చెట్టు నరకని వాషింగ్టన్, చాప చుట్టని కారన్‌వాలిస్

అమెరికా స్వాతంత్ర్య పోరాటం మనకు రెండు దారుల్లో వచ్చి చేరింది. ఒకటి నీతికథల పుస్తకాలు, రెండోది పోటీ పరీక్షల గైడ్లు. మొదటివి అక్కడి నాయకుల్ని దేవుళ్లను చేశాయి. రెండోవి ఒక్కొక్కరినీ ఒక్కో తేదీకి కట్టేసి ఊరుకున్నాయి. పాత పద్దులూ దస్త్రాలూ తిరగేస్తే ఆ మనుషులు ఇంకోలా కనిపిస్తారు. మన సర్కారు జిల్లాలతో వాళ్లలో ఒకడికి ఉన్న లంకె కూడా అప్పుడే బయటపడుతుంది.

అపోహ: చిన్నప్పుడు జార్జి వాషింగ్టన్ చెర్రీ చెట్టు నరికి, తండ్రి ముందు నిజం ఒప్పుకున్నాడు.

ఈ కథ పుట్టింది ఒక పుస్తకాల వ్యాపారి బుర్రలో. మేసన్ వీమ్స్ అనే పాదిరి ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మేవాడు. వాషింగ్టన్ 1799 డిసెంబరులో కన్నుమూస్తే, 1800లోనే ఆయన జీవితచరిత్ర అచ్చేసి అమ్మకానికి పెట్టాడు. చెర్రీ చెట్టు అందులో లేదు. 1806 నాటి ఐదో ముద్రణలో మొలిచింది. ఎవరో పెద్దావిడ చెప్పిందన్నాడు, పేరు మాత్రం చెప్పలేదు. తమాషా ఏమిటంటే, వీమ్స్ కథలో కూడా పిల్లాడు చెట్టును పడగొట్టడు. బెరడు చెక్కేస్తాడంతే. నేలకూల్చింది తరవాతి కథకులు.

అపోహ: వాషింగ్టన్ చెక్క పళ్లు పెట్టుకునేవాడు.

పళ్ల బాధ నిజమే. 1789 ఏప్రిల్‌లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. కట్టుడు పళ్లలో నీటిగుర్రం దంతం, పశువుల పళ్లు, మనుషుల పళ్లు, సీసం, ఇత్తడి ఉండేవి కానీ చెక్క లేదు. దంతం మరకలు పట్టి, సన్నగా బీటలు వారితే చెక్కలాగే కనబడుతుంది. ఆ మనుషుల పళ్లు ఎవరివి అన్నదే అసలు ప్రశ్న. 1784 మే నెలలో నల్లవాళ్ల దగ్గర 9 పళ్లు కొన్నందుకు 6 పౌండ్ల 2 షిల్లింగులు ఇచ్చినట్టు ఆయన పద్దుల్లో ఉంది. ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో నల్లవాళ్లంటే దాదాపు అందరూ బానిసలే. కాదనే వీలు లేనివాడు చేసిన దాన్ని అమ్మకం అనడానికి నాకైతే నోరు రాదు. 1799లో ఆ ఎస్టేటులో 317 మంది బానిసలు ఉండేవారు. అందులో తన సొంతమైన 123 మందికి, భార్య మార్తా కాలం తరవాత విముక్తి ఇవ్వాలని వాషింగ్టన్ వీలునామా రాశాడు. మార్తా అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1న వాళ్లను వదిలేసింది.

అపోహ: వలస రాష్ట్రాల జనమంతా రాజు మీద ఒక్కతాటిపై లేచారు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంట్లోనే ఆ మాట చెల్లలేదు. కొడుకు విలియం న్యూజెర్సీకి రాజు నియమించిన గవర్నరు. చివరిదాకా రాజు పక్షాన్నే ఉన్నాడు. తండ్రి అతన్ని క్షమించలేదు, ఆస్తి కూడా దాదాపు ఇవ్వలేదు. యుద్ధం ముగిశాక ఇలాంటి రాజభక్తులు వేల సంఖ్యలో దేశం విడిచిపోయారు.

బానిసల లెక్క వేరు. 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తన సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తానని చాటాడు. మౌంట్ వెర్నన్‌లో గుర్రాలు చూసే హ్యారీ ఆ మరుసటి ఏడాది బ్రిటిష్ వాళ్ల వైపు పారిపోయాడు. యజమాని ఇంటిపేరే పెట్టుకుని హ్యారీ వాషింగ్టన్ అయ్యాడు. యుద్ధం తరవాత నోవాస్కోషియాకు, 1792లో ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు చేరాడు. అక్కడి వలసను నడిపే సియెర్రా లియోన్ కంపెనీ వేసిన భూమి శిస్తు మీద 1800లో జరిగిన తిరుగుబాటులో చేరినందుకు ఊరి నుంచి వెళ్లగొట్టారు. పన్నుల మీద లేచిన వాషింగ్టన్లు ఇద్దరన్నమాట. పాఠాల్లోకి ఎక్కింది ఒక్కడే.

కొన్నిటిని గబగబా దాటేయొచ్చు. 1775 ఏప్రిల్ 18 రాత్రి, బ్రిటిష్ సేనలు వస్తున్నాయంటూ పాల్ రివీర్ గుర్రం మీద ఒంటరిగా వెళ్లి ఊళ్లన్నీ లేపలేదు. విలియం డాస్ వేరే దారిలో వెళ్లాడు. రివీర్ మధ్యలోనే పట్టుబడ్డాడు. కాంకర్డ్‌ దాకా కబురు చేర్చింది శామ్యూల్ ప్రెస్కాట్ అనే వైద్యుడు. రివీర్‌ని ఏకవీరుణ్ణి చేసింది సుమారు 85 ఏళ్ల తరవాత లాంగ్‌ఫెలో రాసిన కవిత. స్వాతంత్ర్యానికి కాంగ్రెస్ ఓటేసింది 1776 జులై 2న. 4న ప్రకటన పాఠానికి ఆమోదం తెలిపారు. ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. తరతరాలూ జులై 2నే పండగ చేసుకుంటాయని జాన్ ఆడమ్స్ భార్య అబిగెయిల్‌కు ఉత్తరం రాశాడు, పాపం. ఇక తొలి జెండా బెట్సీ రాస్ కుట్టిందన్న మాట 1870లో ఆవిడ మనవడు చెప్పేదాకా లోకానికి తెలియదు. జెండా నమూనా గీసినందుకు 1780లో కాంగ్రెస్‌కు బిల్లు పంపినవాడు మాత్రం ఉన్నాడు, ఫ్రాన్సిస్ హాప్కిన్సన్.

అపోహ: టీ ధర పెంచినందుకే బోస్టన్‌లో పెట్టెలు సముద్రంలో పారేశారు.

1773 టీ చట్టం వల్ల టీ చవకైంది. ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో మునిగి ఉంది, లండన్ గోదాముల్లో సరుకు పేరుకుపోయింది. మచిలీపట్నంలో 1611లో కొట్టు తెరిచిన కంపెనీ ఇదే. దాన్ని బతికించడానికి పార్లమెంటు నేరుగా అమెరికాలో టీ అమ్ముకోనిచ్చింది. పౌండుకు మూడు పెన్నీల పన్ను మాత్రం అలాగే ఉంచింది. చవక టీతో దొంగ టీ వర్తకుల పొట్ట కొట్టినట్టయింది. అది కొని తాగితే, తమ ప్రతినిధి ఒక్కడూ లేని పార్లమెంటుకు పన్ను వేసే హక్కుందని ఒప్పుకున్నట్టవుతుందని జనం మండిపడ్డారు. డిసెంబరు 16 రాత్రి నీళ్లపాలైన 342 పెట్టెల్లో ఉన్నది మన టీ కాదు. అదంతా చైనా సరుకే.

అపోహ: 1781లో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ లొంగిపోవడంతో యుద్ధమూ ముగిసింది, ఆయన కథా ముగిసింది.

రెండూ తప్పే. అక్టోబరు 19న లొంగుబాటు జరిగినప్పుడు, ఒంట్లో బాగాలేదంటూ కారన్‌వాలిస్ బయటికే రాలేదు. తన బదులు ఓహారా అనే అధికారిని పంపాడు. న్యూయార్క్‌లో బ్రిటిష్ సేనలు ఇంకో రెండేళ్లు ఉన్నాయి. ఫ్రెంచివాళ్లు అమెరికా పక్షాన దిగడంతో పోరు మన తీరాలకూ పాకింది. ఈ యుద్ధంలో చివరి పెద్ద నౌకాసమరం 1783 జూన్ 20న తమిళనాడులోని కడలూరు దగ్గర జరిగింది. అప్పటికే యూరప్‌లో సంధి మాటలు కుదిరాయి, కబురు ఇక్కడికి ఇంకా చేరలేదు. అంతకు ముందు ఏడాది డెలవేర్ అఖాతంలో బ్రిటిష్ ఓడను పట్టిన పెన్సిల్వేనియా ఓడ పేరు ‘హైదర్ అలీ’. మైసూరు పాలకుడు హైదర్ అలీ పేరే అది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో!

కారన్‌వాలిస్‌ది మరీ విడ్డూరం. వలసల మీద ఏ చట్టమైనా చేసే హక్కు తనదేనని 1766లో పార్లమెంటు తీర్మానించినప్పుడు, ప్రభువుల సభలో వ్యతిరేకంగా ఓటేసిన అయిదుగురిలో ఆయన ఒకడు. తరవాత ఆ వలసల మీదికే సేనతో వెళ్లి ఓడాడు. అయిదేళ్లు తిరక్కుండానే, 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1792లో టిప్పు సుల్తాన్ ఆయన చేతిలో ఓడి సగం రాజ్యం వదులుకున్నాడు, ఇద్దరు కొడుకుల్ని బందీలుగా అప్పగించాడు. 1793లో బెంగాల్లో జమీందార్లతో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1805లో మళ్లీ ఇక్కడికే వచ్చి, ఘాజీపూర్‌లో చనిపోయాడు. ఆయన బెంగాల్లో పెట్టిన పద్ధతినే 1802 నుంచి ఉత్తర సర్కారుల్లోనూ అమలు చేశారు. అక్కడి జమీందారీల రద్దుకు మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది 1948లో.