నపుంసకశబ్దమును దండశాసనములును

సంస్కృతమున భార్య యను నర్థము నిచ్చు పదములు మూఁడు మూఁడు లింగములఁ గానవచ్చుచున్నవి. దారశబ్దము పుంలింగము, భార్యాశబ్దము స్త్రీలింగము, కళత్రశబ్దము నపుంసకలింగము. ఈ యుదాహరణమును శిష్యులకుఁ జెప్పని పండితుఁ డరుదు. శబ్దమునకుఁ గల లింగము వేఱు, మనుష్యునకుఁ గల లింగము వేఱు అని దీని తాత్పర్యము. ఆ మనుష్యునియందే మరల దేహలక్షణ మొకటియు మనోలక్షణము వేఱొకటియుఁ గావచ్చు నను విషయమును శాసనకర్తలు గ్రహింపమిచేఁ దెలుఁగుదేశమున నొకవర్గమువారు పడిన యిక్కట్టు లిట వివరింపఁబడుచున్నవి.

అమరసింహుఁడు తృతీయాప్రకృతి, షండ, క్లీబ, పండ, నపుంసక శబ్దములను బర్యాయములుగఁ బఠించెను. తెలుఁగునఁ బేడి, కొజ్జా యను మాటలు కలవు. హిజ్రా యనునది ఉర్దూ వాడుకనుండి వచ్చినది. నిఘంటువున నొకవరుసఁ గూర్చుండిన యీపదములు లోకమున నొక్కరినే చెప్పునవి కావు. పుట్టుకతోఁ బుంస్త్వము లేనివాఁడు, ఛేదింపఁబడినవాఁడు, పురుషదేహముతోఁ బుట్టియుఁ దన్ను స్త్రీగా నెఱిఁగి స్త్రీవేషమున జీవించు వ్యక్తి, వీరెల్లరు నొక్కపేరనే పిలువఁబడిరి. నారదస్మృతి మాత్రము పండులను పదునాలుగు విధములుగ విభజించి, కొందఱికిఁ జికిత్స కలదనియుఁ జెప్పినది. మనువు క్లీబునకు దాయభాగమును నిరాకరించి గ్రాసాచ్ఛాదనములను విధించెను. ఇదియు నన్యాయమే. కాని యది ధనమునకుఁ జెందిన విధి. వేషమును దండించునది కాదు.

వ్యాసభారత విరాటపర్వమున, బృహన్నలయై వచ్చిన యర్జునునకుఁ బుంస్త్వము లేదని నిశ్చయించుకొనినపిదపనే విరాటుఁడు కన్యాంతఃపురప్రవేశ మొసఁగి యుత్తరకు నాట్యాచార్యునిగ నియమించెను. తిక్కన చలువవలన నీకథ మనయూళ్ల నక్షర మెఱుఁగనివారికిని దెలియును. అట దేహపరీక్ష యొక కొలువు నిచ్చుటకై జరిగినది.

ఆంగ్లప్రభుత్వము తలపెట్టిన పరీక్షకుఁ బ్రయోజనము వేఱు. 1871వ సంవత్సరపు క్రిమినల్ తెగల చట్టమున ద్వితీయభాగము నపుంసకులకై వ్రాయఁబడెను. తమంతట నొప్పుకొనినవారును, వైద్యపరీక్షచే స్పష్టముగాఁ బుంస్త్వహీనులని తేలినవారును నపుంసకులని యందలి నిర్వచనము. బాలురను హరింతురనియో, ప్రకృతివిరుద్ధనేరములు సేయుదురనియో యనుమానము కలిగినచో వారిపేళ్లు పట్టికకెక్కును. పట్టికకెక్కినవారు దానము సేయరాదు, వీలునామా వ్రాయరాదు, దత్తత చేసికొనరాదు. ఆ భాగము 1911లోఁ దొలఁగింపఁబడినది. చిత్రమేమనఁగా, ఆంగ్లేయులు విడిచిన యెనిమిదేండ్లకు, ఫసలీ 1329లో, అనఁగాఁ గ్రీస్తుశకము 1919లో, నిజాముప్రభుత్వము హైదరాబాదు నగరమునకై యట్టి చట్టమునే చేసెను. నిర్వచన మదియే, పట్టిక యదియే. పట్టికయందలి వ్యక్తి స్త్రీవస్త్రములనైన నాభరణములనైన ధరించి వీథిఁ గానఁబడినను, బహిరంగముగ నాడినను, వాద్యము వాయించినను వారంటు లేకయే పట్టుకొని రెండేండ్లవఱకుఁ జెఱ విధింపవచ్చును. బృహన్నల హైదరాబాదునఁ గాపురముండి యాపట్టికకెక్కియుండినచో, నుత్తరకు నేర్పిన విద్యయే నేరమై యుండెడిది.

భీమడోలు, ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు మదరాసు రాజధానిలోనివి గనుక నీ నిజాముశాసన మిచ్చట లేదు. 1860 నాఁటి శిక్షాస్మృతియందలి 377వ సెక్షను మాత్రము దేశమున కెల్లఁ బోలె నీసీమకును వర్తించెను. 1956 నవంబరు 1వ తేదీన నాంధ్రప్రదేశ మేర్పడఁగా నిజాముచట్టము రద్దుకాలేదు. 'ఆంధ్రప్రదేశ్ (తెలంగాణప్రాంతము)' అను పేరు తగిలించుకొని నిలిచెను. భీమడోలు స్టేషనున రైలెక్కి బ్రతుకుతెరువునకై హైదరాబాదు చేరి కాపురముండిన వ్యక్తి రాష్ట్రము దాఁటలేదు, వేషము మార్చలేదు. అయినను స్వగ్రామమున నేరము కాని చీర యచ్చట నేరము కాఁగలదు. ఒక్కరాష్ట్రమున రెండు ధర్మములు!

2014 ఏప్రిలు 15వ తేదీన సుప్రీముకోర్టు నాల్సా వ్యాజ్యమున నిచ్చిన తీర్పు నిర్వచనమునే మార్చినది. లింగమును వైద్యుఁడు గాక వ్యక్తియే తెలుపవలెనని దాని సారము. పండితులు గమనింపవలసినది యిదియే: దేహపరీక్షకు మాఱుగా నాత్మప్రత్యయము ప్రమాణమైనది. 2018 సెప్టెంబరు 6వ తేదీన నవ్‌తేజ్ సింగ్ జోహర్ వ్యాజ్యమున, పెద్దలు పరస్పరసమ్మతితో నడచుకొను విషయమున 377వ సెక్షను చెల్లదయ్యెను. వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు వేసిన వ్యాజ్యమున 2023 జూలైలోఁ దెలంగాణ హైకోర్టు, ప్రధానన్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్‌గారి ధర్మాసనమున, ఫసలీ 1329 నాఁటి చట్టమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను.

అంతటితో నన్నియుఁ జక్కఁబడినవని తలఁపరాదు. 2019లోఁ బార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణచట్టము వీరిపై లైంగికహింస చేసినవానికి నాఱుమాసములు మొదలు రెండేండ్లవఱకు శిక్ష విధించెను. స్త్రీపై నత్యాచారము చేసినవానికిఁ బదియేండ్లకుఁ దక్కువ లేదు. నూఱేండ్లక్రిందట వీథిలో నాడినందులకు వీరికిఁ గల పరమావధిశిక్షయు రెండేండ్లే యని పాఠకులకు జ్ఞప్తి యుండును. 2024 జూలై 1వ తేదీన నమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 377వ సెక్షనుకు బదులు సెక్షనే లేదు. దానివలన సమ్మతి లేని హింసకు గుఱియైన పురుషులకును దొంటి యాశ్రయము తప్పినది.

2025 జూనులో నాంధ్రప్రదేశ్ హైకోర్టు మఱియొక ప్రశ్నకు సమాధాన మొసఁగినది. పురుషునిఁ బెండ్లాడిన యొక ట్రాన్స్‌జెండర్ స్త్రీ 498-ఏ సెక్షను ననుసరించి భర్తపైఁ గ్రూరహింసాభియోగము మోపఁగా, నామె సంతానము గనఁజాలదు గావున స్త్రీ కాదని ప్రతిపక్షులు వాదించిరి. ప్రసవశక్తి స్త్రీత్వమునకు లక్షణము కాదనియు, నామె కాసెక్షను నాశ్రయించు నధికారము కలదనియు న్యాయమూర్తి నిర్ణయించిరి. అయినను నభియోగమునకుఁ దగిన వివరములు లేవని యా కేసు మాత్రము కొట్టివేయఁబడినది.