భుజముల సంరక్షణము

ఏబదియేండ్లు దాటిన గృహస్థుడు ఒకనాటి యుదయమున చొక్కా తొడుగుకొనబోవును. కుడిచేయి సులభముగనే దూరును. ఎడమచేయి వెనుకకు పోదు. రాత్రి ఆ ప్రక్కకు పరుండుటచే పట్టినదని తలచి, కొంచెము తైలము రాచి యూరకుండును. పదునైదు దినములకు తల దువ్వుకొనుట కష్టమగును. రెండు మాసములకు వీపు రుద్దుకొనుటకు ఇంటివారి సాయము కావలసివచ్చును. అప్పటికి గాని వైద్యుని తలంపు రాదు. మన పట్టణములందును పల్లెలందును ఇట్టి గృహస్థుడు లేని వీథి లేదనిన నతిశయోక్తి కాదు. “వయస్సు వచ్చినది, నొప్పులు రాక మానునా?” యని వారును, వారిని జూచువారును సమాధానపడుచున్నారు. ఈ సమాధానమే నొప్పికంటె నెక్కువ చెఱుపు చేయుచున్నదని మా యభిప్రాయము.

భుజము వయస్సుచేత మాత్రమే చెడదు. రెండు విధములైన అపచారములచేత త్వరగా చెడును. కదలిక చాలక చెడుట యొకటి. విశ్రాంతి చాలక చెడుట రెండవది. కచేరీలలోను దుకాణములలోను కూర్చుండి పనిచేయు పట్టణవాసులును, సేద్యమును పరులచే చేయించు భూవసతిగలవారును మొదటి తరగతికి చేరుదురు. వారి ధాన్యమును మూపున మోయు హమాలీలు రెండవ తరగతికి చేరుదురు. ఒకరి చేయి తలకంటె పైకి లేచుట యరుదు. ఒకరి మూపు బరువు దింపుకొనుట యరుదు. ఇరువురును తుదకు ఒకే బాధకు లోనగుచున్నారు.

ఈ కీలు నిర్మాణమును కొంచెము తెలిసికొన్నచో కారణము బోధపడును. తుంటికీలు లోతైన గిన్నెలో గుండు నమర్చినట్లుండును. భుజపుకీలు అట్టిది కాదు. దండచేతి యెముక తల పెద్ద నిమ్మపండువంటిది. దాని కాధారమగు ఱెక్కయెముకలోని గుంట లోతులేని చిన్న పళ్లెరమువంటిది. పళ్లెరముమీద నిమ్మపండు తనంత నిలుచునా? దానిని నిలుపునవి ముఖ్యముగా ఎముకలు గావు, కండరములు. ఱెక్కయెముకనుండి బయలుదేఱు నాలుగు కండరములు తమ కొనలయందలి గట్టి త్రాళ్లతో ఆ గుండును ముందునుండియు, పైనుండియు, వెనుకనుండియు పట్టుకొని గుంటయం దదిమి పెట్టుచుండును. దేహమున మఱి యే కీలునకును లేని స్వేచ్ఛ భుజమునకు గలుగుటకు కారణ మిదియే; పెద్ద కీళ్లలో నన్నిటికంటె నెక్కువగా నిదియే స్థానము తప్పుటకును కారణ మిదియే. కండరము బలముగా నున్నంతకాలము కీలు పదిలము. అది క్షీణించినచో గుండు తన చోట తిన్నగా తిరుగక, పైయెముక క్రింద నున్న త్రాళ్లను రాచుకొనుచు పోవును.

మఱియొక విశేషము గలదు. చేయి శిరస్సుపైకి నిలువున లేచునపుడు ఆ పనియంతయు గుండుదే కాదు. మూడుపాళ్లలో రెండుపాళ్లు గుండు తిరుగుటవలనను, ఒకపాలు ఱెక్కయెముక వీపుమీద జరుగుటవలనను సమకూరును. 1944లో ఇన్మన్ మొదలగు అమెరికా వైద్యు లీ లెక్కను ప్రకటించిరి. పాఠకులు దీనిని తమయందే పరీక్షించుకొనవచ్చును. వీపు వంచి, మెడ ముందుకు చాచి కూర్చుండి చేయి పైకెత్తి చూడుడు. పిదప వెన్ను నిటారుగ నిలిపి యెత్తి చూడుడు. మొదట చెవివఱకు రాని చేయి పిదప చెవిని దాటును. జమాఖర్చు పుస్తకముమీదను, కంప్యూటరుమీదను, చేతి ఫోనుమీదను దినమున కెనిమిది గంటలు వంగియుండువాడు ఆ యెనిమిది గంటలును తన భుజమున కడ్డుగోడ గట్టుకొనుచున్నాడు.

వయస్సుతోబాటు ఈ త్రాళ్లు అఱుగుట నిజమే. కాని అఱుగుదల వేఱు, బాధ వేఱు. 1995లో అమెరికాలో భుజమునొప్పి లేని 96 మందికి ఎం.ఆర్.ఐ. చిత్రములు తీసి చూడగా, అందు 60 ఏండ్లు దాటినవారిలో సగముకంటె నెక్కువమందికి త్రాళ్లు కొంతగనో పూర్తిగనో చినిగియుండెను. అయినను వారికి నొప్పి లేకుండెను. చినిగిన త్రాటి పనిని మిగిలిన కండరములు చాలవఱకు పంచుకొనగలవని దీనివలన నూహింపనగును. కావున చిత్రములో చినుగు కనబడెనని విని గుండె చెదరి శస్త్రచికిత్సకు పరుగిడ నక్కఱలేదు. పైయెముకను చెక్కి త్రాళ్లకు తావొసగు శస్త్రచికిత్స యొకటి, 1972లో నీర్ అను అమెరికా వైద్యుడు వివరించినది మొదలు, లోకమంతట వ్యాపించినది. ఇంగ్లండున దానిని, ఎముకను చెక్కక కీలులోనికి చూచి విడిచిన పేరుమాత్రపు చికిత్సతో పోల్చి, 2018లో లాన్సెట్ పత్రికయందు ఫలితములు ప్రకటించిరి. రోగులకు దెలియదగినంత భేదము రెంటికి నడుమ కానరాలేదు. క్రిందపడిన వెంటనే చేయి లేవకపోయినచో నది వేఱు సంగతి. అట్టి క్రొత్త చినుగును ఆలసింపక నిపుణునకు జూపవలయును.

ఇంక నడివయసున నెక్కువగా వచ్చునది భుజము బిగుసుకొను వ్యాధి. కీలును చుట్టియుండు సంచి మొదట వాచి, పిదప ముడుచుకొని గట్టిపడుటచే నిది గలుగును. సుశ్రుతసంహిత నిదానస్థానమున వాతవ్యాధులలో అవబాహుక మని చెప్పబడిన భుజవ్యాధి దీనిని బోలియున్నది. 1934లో కాడ్మన్ అను అమెరికా వైద్యుడు “గడ్డకట్టిన భుజ” మని దీనికి పేరు పెట్టెను. జపానువారు “ఏబదియేండ్ల భుజ” మందురు. 40 మొదలు 60 ఏండ్లవఱకు గల వయస్సున నిది యధికము. పురుషులకంటె స్త్రీలలో నెక్కువ. మొదట రాత్రులయందు తీవ్రమగు నొప్పి. పిదప నొప్పి తగ్గి బిగువు. కడపట మెల్లగా సడలుట. ఈ మూడు దశలును దాటుటకు ఒకటిమొదలు మూడేండ్లు పట్టవచ్చును. కొందఱికి కొంత బిగువు మిగిలిపోవును.

ఈ వ్యాధికిని మధుమేహమునకును గల చుట్టఱికమును మనవారు ముఖ్యముగా గుర్తింపవలయును. రక్తమున చక్కెర యెక్కువగా నున్నవారి కిది యితరులకంటె అనేకరెట్లు అధికముగా వచ్చును; వచ్చినచో త్వరగా పోదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ననుసరించి దేశమున 10 కోట్లకు పైగా మధుమేహరోగులు గలరు. మూడుపూటల వరియన్నమును, కూర్చున్న కొలువును గల మన గృహములలో నీ లెక్క యెవరికిని ఆశ్చర్యము గొలుపదు. కావున కారణము దెలియక భుజము బిగుసుకొన్నవారు తైలము వెదకుటకు ముందు రక్తపరీక్ష చేయించుకొనుట యుక్తము. థైరాయిడ్ గ్రంథి రోగులకును నిట్టి భయము గలదు.

వ్యాధి యెట్టిదో ఇంటనే కొంత పోల్చుకొనవచ్చును. రోగి తన చేతిని తానెత్తలేక, మఱియొకరు మెల్లగ నెత్తినపుడు అది పైకి పోయినచో, త్రాళ్లో కండరములో బలహీనపడినవని యూహింపవచ్చును. మఱియొకరెత్తినను చేయి పోక, మోచేయి ప్రక్కకానించి ముంజేతిని వెలుపలికి త్రిప్పినను త్రిరుగకున్నచో, కీలుసంచి బిగిసినదని యనుమానింపవలయును. అయితే బలవంతముగ లాగరాదు. నిర్ణయము వైద్యునిదే.

నొప్పి పుట్టగనే చేతిని కదల్పక దాచుకొనుట మనవారు చేయు మొదటి తప్పు. మణికట్టు విఱిగి ఆఱువారములు చేతిని మెడకు వ్రేలాడగట్టుకొన్నవారు, మణికట్టు అతికినను భుజము బిగిసి బాధపడుట చూచుచున్నాము. వైద్యుడు వలదన్నచో తప్ప, కట్టులో నున్నను భుజమును దినదినమును కదల్పవలయును. రెండవ తప్పు దీనికి విరుద్ధమైనది: బిగిసిన కీలును తెలియనివారిచేత విఱిపించుట. ఎముక పలుచబడిన వృద్ధులయం దిది యెముకను విఱుచును. ఇంగ్లండున 503 మంది రోగులపై జరిపి 2020లో ప్రకటించిన పరిశోధనమున మత్తుమందిచ్చి కీలును కదల్చుట, పరికరముతో సంచిని కోయుట, ఇంజక్షనుతో గూడిన వ్యాయామచికిత్స యను మూడింటిని పోల్చిరి. ఏడాది గడచునప్పటికి ఏదియు తక్కినవానిని స్పష్టముగ మించలేదు. తక్కువ వ్యయమును తక్కువ యపాయమును గల మార్గమును ముందు పట్టుట వివేకము. ఈ ఇంజక్షను కొన్నిదినములు రక్తమున చక్కెరను పెంచునని మధుమేహరోగులు మఱవరాదు.

వ్యాయామములు కష్టమైనవి కావు. ఒక చేతిని బల్లకానించి ముందునకు వంగి, నొప్పిగల చేతిని గడియారపు లోలకమువలె వ్రేలాడవిడిచి, ముందు వెనుకలకును, సున్నచుట్టినట్లును రెండు నిమిషము లూపవలయును. గోడకెదురుగ నిలిచి వ్రేళ్లతో గోడను ప్రాకుచు, చేయి పోగలిగినంతవఱకు పోయి, మరల మెల్లగ దిగవలయును, ఇట్లు పదిసార్లు. మోచేతిని ప్రక్కటెముకల కానించి మడచి, పిడికిలి వెనుకభాగముతో ద్వారబంధమును వెలుపలికి త్రోసి 5 సెకండ్లు నిలుపవలయును, ఇదియు పదిసార్లు. ఱెక్కయెముకలు రెంటిని వెనుకకు దగ్గఱగా దెచ్చి విడుచుట కూర్చున్నచోటనే చేయదగినది. నొప్పి తగ్గినవారు కండువా నొకకొన పైచేతను, ఒకకొన క్రిందిచేతను వీపు వెనుక పట్టుకొని, స్నానానంతరము వీపు తుడుచుకొనునట్లు లాగవచ్చును. బాధ లేనివారు గోడకు చేతులానించి దండెములవలె వంగి లేచుట మంచిది. పెద్దలందఱు వారమునకు కనీసము రెండు దినములు కండరములకు బలమిచ్చు పని చేయవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సలహా యిచ్చినది. 65 ఏండ్లు దాటినవారికిని మినహాయింపు లేదు.

వ్యాయామమున కొలత యేది? చేయునపుడు కొంచెము నొప్పి కలిగి కొంతసేపటి కణగినచో దోషము లేదు. ఆ రాత్రి నిద్ర చెడినచో, మఱునాటి యుదయమున బాధ హెచ్చినచో మితిమీరినదని తెలిసి తగ్గింపవలయును, మానివేయ నక్కఱలేదు. రాత్రి నొప్పిగల ప్రక్కకు పరుండక, వెల్లకిల పరుండి మోచేతిక్రింద నొక చిన్న దిండు నుంచుకొన్నచో నిద్ర పట్టును. నిత్యము వాడు వస్తువులను అటకమీద గాక నడుమునకును భుజమునకును నడుమ నెత్తున నుంచవలయును. ముసలితల్లి అటకమీది బిందెను చేయి చాచి దింపుచుండగా కుమారులు చూచుచుండుట ధర్మము కాదు. నొప్పిమాత్రలను నెలలతరబడి తమంత తాము మ్రింగువారు మూత్రపిండములకును కడుపునకును హాని తెచ్చుకొందురు. పొగత్రాగుటవలన త్రాళ్లకు హాని గలుగుననియు, చినిగినవి యతుకుట చెడుననియు గూడ నెఱుంగునది.

ఇంక రెండవ తరగతివారి మాట. కోస్తా మండలములలో ధాన్యపు బస్తా యనగా 75 కిలోలని వాడుక. దానిని మూపున నెత్తుకొని లారీకెక్కించు హమాలీకిని, దినమంతయు తలకుమించిన యెత్తున గోడలకు రంగులు పూయువానికిని, తాడిచెట్లెక్కు గీతపనివానికిని వ్యాయామము బోధించుట పరిహాసము. వారికి కావలసినది కొలతగల బరువు, నడుమనడుమ విశ్రాంతి, ఎత్తుటకు తోడొకచేయి. ధాన్యమును చిన్న సంచులలో నింపించుట, బల్లబండ్లును ఎత్తుయంత్రములును సమకూర్చుట, ఒకనిచేత నొకేపని దినమెల్ల చేయింపక పనులు మార్చుట రైతులకును వర్తకులకును సాధ్యము కానివి కావు. కూలివాని భుజము అతని యాస్తి. అది నలువదియేండ్లకే చెడినచో అతని కుటుంబమునకు కౌలు లేదు, వడ్డీ లేదు.

భుజమున నొప్పి యెల్లప్పుడు భుజమునదే కాదు. శ్రమపడినపుడు ఎడమభుజమున నొప్పి లేచి, ఱొమ్మున బరువును చెమటయు నాయాసమును గలిగినచో నది గుండెకు సంబంధించినది కావచ్చును. తైలము కాపడములతో కాలము పుచ్చక వెంటనే ఆసుపత్రికి పోవలయును. జ్వరముతో కీలు వాచినను, క్రిందపడిన పిదప ఆకారము మారినను, చేయి తిమ్మిరెక్కి పట్టుతప్పినను, కారణములేక బరువు తగ్గుచు రాత్రినొప్పి హెచ్చినను ఆలస్యము తగదు.

వార్ధక్యమును ఎవరును తప్పించుకొనజాలరు. కాని తన చొక్కా తాను తొడుగుకొనుట, తన తల తాను దువ్వుకొనుట, చెంబెడు నీళ్లు తన తలపై తాను పోసికొనుట యనునవి చిన్నవిగా కనబడు స్వాతంత్ర్యములు. పోయిననాడు గాని వాని వెల తెలియదు. దినమునకు పది నిమిషములు వెచ్చించినచో చాలమందికి అవి పోకుండ నిలుచును. నేటి యుదయమున గోడయొద్ద నిలిచి చేతులు రెండును పైకెత్తి చూచుకొనుడు. ఒకటి రెండవదానికంటె తక్కువగా లేచినచో, ఆ వ్యత్యాసమును వయస్సున కంటగట్టక, నాటినుండియే దానిని దిద్దుకొన బూనుడు.