పైథాన్ భాషలో పేరుతో పిలుపు

శ్రీకాకుళం రోడ్డు అను బోర్డు గల రైల్వే స్టేషను ఆమదాలవలసలో నున్నదని మన ప్రాంతపువారందరు ఎరిగినదే. క్రొత్తగా వచ్చినవారు మాత్రము పేరును నమ్మి తడబడుదురు. పైథాన్‌లో మాడ్యూళ్లను పేరుతో రప్పించుకొనుటలోను ఇట్టి చిక్కులే కలవు.

మాడ్యూలనగా ప్రోగ్రాములోని కొంత పనిని వేరుగా వ్రాసియుంచిన ఫైలు. ఇంపోర్ట్ అను మాట ప్రక్కన దాని పేరు వ్రాసినచో అది వచ్చును. కాని మనవంటి కళాశాలలో ప్రకటనలను తెలుగున గాని ఉర్దూన గాని అచ్చువేయు ప్రోగ్రామొకటి కలదనుకొందము. ఏ భాష కావలెనో విద్యార్థి అడుగువరకు తెలియదు. అతడు చెప్పిన మాటను 'భాష' అను చరరాశిలో నుంచి, 'ఇంపోర్ట్ భాష' అని వ్రాసితిమా, పైథాన్ లోపలి మాటను చూడదు. 'భాష' అను పేరు గల ఫైలునే వెదకును!

ఇందులకే ఇంపోర్ట్‌లిబ్ కలదు. 2009లో 3.1వ రూపముతో వచ్చినది. అందలి ఇంపోర్ట్_మాడ్యూల్ అను ప్రమేయమునకు పేరును స్ట్రింగుగా నిచ్చిన, మాడ్యూలును తెచ్చి చేతికిచ్చును. దానిలోని ఒక ప్రమేయమే కావలెనన్న గెట్ఆటర్‌కు మాడ్యూలును, ఆ ప్రమేయము పేరును ఇయ్యవలెను. మాడ్యూలు లేనిచో ఒక దోషము, మాడ్యూలుండి లోపలి పేరు లేనిచో వేరొక దోషము చూపును. రెంటిని ఒకే గాటకట్టి కప్పిపుచ్చుట తగదు.

పేరు తప్పుటకు దారులు పెక్కు. పిల్లో అను పేరుతో తెచ్చుకొన్న చిత్రముల సామగ్రిని పిఐఎల్ అని పిలువవలెను. ఇదియు ఆమదాలవలస కథయే. పైథాన్ 3 నుండి తెలుగు, ఉర్దూ లిపులలోను పేర్లు పెట్టవచ్చును. అయితే ఉర్దూ 'యే', అరబీ 'యే' పదము నడుమ కంటికొకటే, యంత్రమునకు మాత్రము వేర్వేరు.

అసలు భయము వేరే యున్నది. మాడ్యూలును మొదటిసారి రప్పించునపుడు అందలి పై వరుస వాక్యములన్నియు నడచును. తరువాత పిలిచిన, దాచియుంచిన ప్రతినే ఇచ్చును. కాని ఆ మొదటి నడకయే చాలు, ఫైళ్లను చెరుపుటకు. కావున బయటివారు టైపుచేసిన మాటను నేరుగా ఇంపోర్ట్_మాడ్యూల్‌కు అందింపరాదు. మన ప్రకటనల ప్రోగ్రాములో రెండే పేర్లు గల పట్టికను ముందే వ్రాసియుంచి, వచ్చిన మాటను అందులో వెదకవలెను. పట్టికలో లేని మాటను గడప దాటనీయక అచ్చటనే త్రిప్పిపంపవలెను.