గర్భిణి స్త్రీ - శ్రమ, వ్యాయామం

నెలలు నిండేవరకు ఒళ్లు వంచి పనిచేసిన స్త్రీకి కాన్పు సుళువవుతుందన్న విశ్వాసం మన దేశంలో ఉత్తర దక్షిణ భేదం లేకుండా వినవస్తుంది. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. అయితే అది ఎవరికి, ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్నకు మహారాష్ట్రలో పుణె సమీపాన ఆరు గ్రామాలలో 1990 దశకంలో జరిగిన ఒక అధ్యయనం కొంత సమాధానమిచ్చింది.

పుణెలోని ఆఘార్కర్ పరిశోధన సంస్థ, కె.ఇ.ఎం. ఆసుపత్రి శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 797 మంది గర్భిణుల దినచర్యను పరిశీలించారు. నీళ్లు మోయడం, బట్టలు ఉతకడం, పొలం పని వంటివి కూడా లెక్కకు వచ్చేలా, గ్రామాలలో బృంద చర్చలు జరిపి, స్థానిక జీవితానికి తగిన ప్రశ్నావళిని రూపొందించారు. ఈ స్త్రీల సగటు బరువు గర్భధారణకు పూర్వం 42 కిలోలకు అటూ ఇటుగా ఉండేది. తొలి, మధ్య మాసాలలో అధికంగా శ్రమించిన తల్లుల శిశువులకు బరువు, తల చుట్టుకొలత, దండచేతి చుట్టుకొలత తక్కువగా ఉన్నట్లు 2003లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. నెలలు నిండని కాన్పులు, మృతశిశు జననాలు మాత్రం శ్రమవల్ల పెరిగినట్లు కనిపించలేదు. అంటే బిడ్డ సకాలంలోనే పుట్టింది, చిన్నదిగా పుట్టింది.

ఇది పరిశీలనపై ఆధారపడిన అధ్యయనం గనుక శ్రమ ఒక్కటే కారణమని తేల్చలేము. అయినా ఇందులోని తర్కం సులభగ్రాహ్యమే. గర్భిణికి రోజుకు సుమారు 350 కిలో కేలరీల ఆహారం అదనంగా అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించింది. ఆ అదనపు తిండి లభించకపోగా బిందెల బరువు తోడైతే, శిశువు ఎదుగుదలకు దక్కవలసిన శక్తి తల్లి కండరాలకే ఖర్చవుతుంది.

నగరంలో కుర్చీలో కూర్చుని పనిచేసే గర్భిణి సంగతి వేరు. ఆమెకు తిండి చాలినంత ఉంటుంది, కదలిక ఉండదు. వైద్యరీత్యా అభ్యంతరం లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థాయి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. నడుస్తూ మాట్లాడగలిగినంత వేగం చాలు. దీనివల్ల గర్భకాలపు మధుమేహం, రక్తపోటు, మితిమీరిన బరువు తగ్గుముఖం పడతాయి. శిశువు బరువుకు హాని కలగదు. మండుటెండలో నడవడం, మొదటి మూడు నెలల తరువాత వెల్లకిలా పడుకొని చేసే వ్యాయామాలు కూడవు. రక్తస్రావం, కళ్లు తిరగడం, ఉమ్మనీరు కారడం కనిపిస్తే వెంటనే ఆపి వైద్యుని సంప్రదించాలి.

వ్యాయామాన్ని అలసినప్పుడు ఆపవచ్చు. ఇంటికి నీళ్లు తేవడాన్ని ఆపడం ఎలా? 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, కాన్పుకు ముందు కొంతకాలం, గర్భిణి కోరితే, కఠినమైన పనిగాని ఎక్కువసేపు నిలబడవలసిన పనిగాని ఆమెకు అప్పగించరాదని శాసించింది. అది జీతమిచ్చే యజమానిని కట్టడిచేసిన నిబంధన. సొంత ఇంట బిందె ఎత్తే ఇల్లాలికి యజమాని ఎవరు? గర్భిణి కూలి మాని విశ్రమించగలగాలన్న ఉద్దేశంతో 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన ప్రారంభమైంది. 2022 మార్గదర్శకాల ప్రకారం తొలి కాన్పుకు 5,000 రూపాయలు. అందులో 3,000 గర్భిణిగా నమోదై, వైద్యపరీక్ష చేయించుకున్నాక లభిస్తాయి. మిగిలిన 2,000 బిడ్డ పుట్టి, తొలి విడత టీకాలు పూర్తయిన తరువాతనే.