పిల్లుల మూత్రకోశ ఆరోగ్యం - ఉదజని సూచిక నియంత్రణ

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌.బి.నగర్ వంటి అపార్ట్‌మెంట్ ప్రాంతాలలో పెంపుడు పిల్లి చాలావరకు గడప దాటదు. ఎడారి జాతి సంతతి కావడం వలన దానికి దాహం తక్కువ. పది శాతం తేమ కూడా లేని పొడి గుళికలే ఆహారమైతే మూత్రం చిక్కబడి, అందులోని లవణాలు స్ఫటికాలుగా మారే వీలుంటుంది. ఈ మార్పును శాసించే వాటిలో ముఖ్యమైనది మూత్రపు ఉదజని సూచిక.

భూసార పరీక్షల ద్వారా రైతులకు పరిచయమైన సూచికే ఇది. పిల్లి మూత్రంలో సాధారణంగా 6.0 నుండి 7.5 వరకు ఉంటుంది. మాంసంలోని గంధకపు అమైనో ఆమ్లాలు దీనిని తగ్గిస్తాయి. మాంసం లేని ఆహారంతో ఇది పెరిగే అవకాశం ఎక్కువ. పెరుగన్నం మీదనే పెరిగే పిల్లికి టారిన్ లోపం అదనపు ముప్పు.

మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడే స్ట్రువైట్ రాళ్లు క్షార మూత్రంలో పెరుగుతాయి. పిల్లులలో ఇవి ఎక్కువగా సూక్ష్మజీవుల ప్రమేయం లేకుండానే ఏర్పడతాయి. పశువైద్యుని పర్యవేక్షణలో తగిన ఆహారంతో సూచికను 6.0 - 6.5 మధ్య నిలిపితే కొన్ని వారాలలో కరుగుతాయి. మూత్రంలో మంటకు మనుషులు వాడే సిట్రేట్ సిరప్‌ను పిల్లికి పట్టించరాదు. అది మూత్రాన్ని క్షారంగా మార్చి స్ట్రువైట్‌కు బలం చేకూరుస్తుంది. పుల్లగా ఉండే నిమ్మరసం మూత్రాన్ని ఆమ్లంగా మారుస్తుందనుకోవడమూ పొరపాటే.

అలాగని ఆమ్లత ఎంత పెరిగితే అంత మేలని భావించరాదు. 1980ల తరువాత పాశ్చాత్య దేశాలలో మెగ్నీషియం తగ్గించి, ఆమ్లత పెంచిన ఆహారాలు వ్యాప్తిలోకి రాగా స్ట్రువైట్ రాళ్లు తగ్గి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు పెరిగాయి. ఇవి ఏ ఆహారంతోనూ కరగవు. శస్త్రచికిత్స వంటి పద్ధతులలో తొలగించవలసిందే. మితిమీరిన ఆమ్లత వలన పొటాషియం తరుగుతుంది, ఎముకలలోని కాల్షియం కరిగిపోతుంది. కనుక రాయి రకం తెలియకుండా మిథియోనిన్, అమ్మోనియం క్లోరైడ్ వంటివి వాడరాదు. పైగా మూత్ర సమస్యతో వచ్చే పిల్లులలో సగానికి పైగా రాళ్లే ఉండవు. కారణం తెలియని మూత్రాశయ వాపు వాటిని బాధిస్తుంది. అక్కడ సూచికను సవరించి ప్రయోజనం లేదు.

ఒక్క పరీక్షతో నిర్ణయానికి రావడం తగదు. భోజనానంతరం సూచిక కొంతసేపు పెరుగుతుంది. నిలవ ఉన్న మూత్రంలోనూ పెరుగుతుంది. శీతలీకరిస్తే లేని స్ఫటికాలు కనిపించవచ్చు. అరగంటలోపు తాజా నమూనాను, ప్రతిసారీ భోజనం తరువాత ఒకే వ్యవధిలో పరీక్షించాలి. రంగు మారే పట్టీ కన్నా మీటరు నమ్మదగినది.

రాయి ఏదైనా నీరు పెంచడమే ప్రధానం. తడి ఆహారం, గుళికలకు నీరు కలపడం, ఇంట్లో రెండు మూడు చోట్ల గిన్నెలు ఉంచడం ద్వారా మూత్ర విశిష్ట సాంద్రతను 1.030 కన్నా తక్కువకు తేవాలి. నేరం బోరు నీటి కాఠిన్యంపై మోపడం కన్నా పిల్లి రోజుకు ఎంత నీరు త్రాగుతున్నదో చూడడం మేలు.

మగపిల్లి మూత్రమార్గం సన్నగా ఉండటం వలన చిన్న స్ఫటికపు ముద్ద కూడా దానిని మూసివేయగలదు. ఇసుక తొట్టెలో పదేపదే కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకమని భ్రమపడుతుంటారు. మూత్రం చుక్క కూడా రాకపోతే రక్తంలో పొటాషియం పెరిగి రెండు మూడు రోజులలో ప్రాణం పోవచ్చు. మరునాటి వరకు ఆగక, రాత్రి వేళ అయినా సమీపంలోని పశువైద్యశాలకు తరలించాలి.